మలుపులో వణికే డిఫరెన్షియల్

పార్కింగ్ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి కారును మెల్లగా కదిలిస్తే వెనక సీటు కింద నుంచి గరగరమంటూ వణుకు వస్తుంది. రోడ్డెక్కి నేరుగా పోతే ఆ చప్పుడే ఉండదు. ఇంజిన్ బలం వెనక చక్రాలకు అందే కార్లలో, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ బలం పంచుతూ, ఒక్కటే జారిపోకుండా ఆపే గేర్ల పెట్టె) ఉంటే ఇది బాగా కనిపించే లక్షణం. వినగానే ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. గేరు పళ్ళు విరిగాయేమో అనుకుని డిఫరెన్షియల్ విప్పించేస్తారు. అంత దూరం పోనక్కర్లేదు. ఆ వణుకుకి చాలాసార్లు కారణం విరిగిన భాగం కాదు, లోపలున్న ఆయిలే.

కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ తిరగాలి. ఆ తేడాను డిఫరెన్షియల్ సర్దుతుంది. అయితే మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం బురదలో జారితే, గట్టి నేల మీదున్న రెండో చక్రానికి అందే బలం కూడా అంతకే పడిపోతుంది. అందుకే చాలా లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్స్‌లో క్లచ్ ప్లేట్లు పెడతారు. ఫోర్డ్ మస్టాంగ్‌లో ఏళ్ళ తరబడి వాడిన ట్రాక్షన్ లాక్ ఈ రకమే. ఒక ప్లేటు ఇరుసు వైపు గేరుతో, పక్క ప్లేటు బయటి డబ్బాతో తిరుగుతాయి. మధ్యలో ఎస్ ఆకారపు స్ప్రింగ్ వాటిని ఎప్పుడూ నొక్కి ఉంచుతుంది. అంటే ప్రతి మలుపులోనూ ఈ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారాల్సిందే. రోడ్డు మీద తిరిగే కారుకి ఇది రోజువారీ పని.

చప్పుడు పుట్టేది ఆ జారడంలోనే. రెండు లోహపు ముఖాలు కదలకుండా ఆనుకుని ఉన్నప్పటి ఘర్షణ, జారుతున్నప్పటి ఘర్షణ కంటే సాధారణంగా ఎక్కువ. మెల్లటి మలుపులో ప్లేట్లు ముందు పట్టుకుంటాయి. ఇరుసు కొద్దిగా మెలి తిరుగుతుంది. మెలి బలం పట్టును మించగానే ప్లేట్లు జారతాయి, మెలి విడిపోతుంది, మళ్ళీ పట్టుకుంటాయి. ఇదంతా సెకనులో ఎన్నో సార్లు జరిగితే మనకు వినపడేది గరగర. వయొలిన్ తీగ మీద కమాను చేసే పని కూడా ఇదే. అక్కడ ఈ పట్టు-విడుపు గట్టిగా ఉండాలని కమానుకు రోజిన్ అనే చెట్టు జిగురు రాస్తారు. ఇక్కడ దాన్ని అణచడానికి ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫైయర్ కలుపుతారు. దాని అణువులకు ఒక కొస లోహానికి అంటుకుంటుంది, పొడుగాటి తోక ఆయిల్ వైపు నిలబడుతుంది. ఆ పలుచని పొర వల్ల ప్లేట్లు కదలడం మొదలుపెట్టే క్షణంలో ఘర్షణ తగ్గుతుంది. పట్టుకోవడానికీ జారడానికీ మధ్య కుదుపు పోతుంది. నాకు ఈ విషయంలో అన్నిటికంటే అందంగా అనిపించేది ఈ పొరే. కంటికి కనపడనంత పలుచగా ఉండి, టన్నున్నర కారు వణుకును ఆపుతుంది.

ఆయిల్ పాతబడితే ఈ పదార్థం పాడైపోతుంది. సర్వీసులో మామూలు గేర్ ఆయిల్ పోసి మాడిఫైయర్ మర్చిపోయినా ఇదే వణుకు. పరీక్ష కారు వేడెక్కాకే చేయాలి. అరగంట నడిపాక, ఆయిల్ పలుచబడ్డాక, ఖాళీ స్థలంలో స్టీరింగ్ తిప్పి మెల్లగా ఇంగ్లిష్ 8 అంకెలా తిరగండి. వణుకు అప్పుడే బయటపడుతుంది. కొత్త ఆయిల్, మాన్యువల్ చెప్పినంత మాడిఫైయర్ పోశాక కూడా ఇలాగే కొన్ని చుట్లు తిరగాలి. అప్పుడే అది ప్లేట్ల మధ్యకు చేరుతుంది. మంచిదే కదా అని ఎక్కువ పోయకూడదు. ప్లేట్లు పట్టే గుణమే పోయి అది మామూలు డిఫరెన్షియల్‌లా మారుతుంది.

నేరుగా వెళ్తున్నప్పుడు వచ్చే కూత కథ వేరు. అది యాక్సిలరేటర్ నొక్కితే పెరిగి, వదిలితే మారుతుంటే డిఫరెన్షియల్‌లోని క్రౌన్ (చక్రాల వైపు పెద్ద గేరు), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) పళ్ళను అనుమానించాలి. దీన్ని లెక్కతోనే పట్టుకోవచ్చు. 3.55 నిష్పత్తి ఉన్న మస్టాంగ్‌లో క్రౌన్‌కి 39 పళ్ళు, పినియన్‌కి 11. టైరు చుట్టుకొలత 2.1 మీటర్లనుకుంటే గంటకు 80 కి.మీ. వేగంలో చక్రం సెకనుకు పదిన్నర చుట్లు తిరుగుతుంది. దాన్ని 39తో గుణిస్తే దాదాపు 410 హెర్ట్జ్. ఫోన్‌లో ధ్వని పౌనఃపున్యం చూపే యాప్ పెట్టి, పక్క సీటులో ఉన్నవాళ్ళని చూడమనండి. గ్రాఫ్‌లో శిఖరం ఆ 410 దగ్గరే నిలబడి, 40 కి.మీ.కు దిగితే అది కూడా సగానికి దిగుతోందంటే పళ్ళు కలిసే చోటే చప్పుడు. యాక్సిలరేటర్‌తో సంబంధం లేకుండా రోడ్డు మారితే మారే హోరు టైర్లది. కారును మెల్లగా ఎడమకి, కుడికి ఊపినప్పుడు ఒక వైపే పెరిగేది చక్రం బేరింగ్‌ది. డ్రైవ్ నుంచి రివర్స్‌కి మార్చినప్పుడు ఒక్కసారి ఠంగుమంటే ముందుగా ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ బలాన్ని వెనక్కి తెచ్చే కడ్డీ) క్రాస్ కీలులో ప్లే, అంటే వదులు, చూడాలి.

కొన్ని చప్పుళ్ళు అసలు జబ్బే కాదు. కొన్ని మహీంద్రా థార్‌లలో ఉండే మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్, చక్రం జారినప్పుడు ఠక్కున లాక్ అవుతుంది. ఆ చప్పుడు అది పని చేస్తున్నదనే అర్థం.

ఒక్క ప్రమాదం మాత్రం గట్టిగా చెప్పాలి. చప్పుడు వినడానికని ఒక వెనక చక్రం మాత్రమే జాకీతో లేపి, గేరులో పెట్టి ఇంజిన్ తిప్పకండి. నేల మీదున్న చక్రానికి బలం అంది కారు జాకీ మీద నుంచి దూకేస్తుంది.

ఆయిల్ తీసేటప్పుడు అయస్కాంతపు ప్లగ్ చూడండి. వేలికి అంటుకునే బూడిదరంగు మెత్తని పేస్ట్ మామూలే. గోటికి తగిలే రేకులు, ముక్కలు ఉంటే మాత్రం విప్పాలి.

కొత్త ఆయిల్ పోసినా వణుకు పోకపోతే ప్లేట్లు మార్చాల్సి రావచ్చు. మార్చే ముందు వెనక టైర్లు రెండూ కొలవండి. ఒకటి రెండోదాని కంటే 5 మి.మీ. ఎక్కువ అరిగితే దాని చుట్టుకొలత సుమారు 3 సెం.మీ. తగ్గుతుంది. కిలోమీటరుకు ఒకటి 476 చుట్లు తిరిగితే రెండోది 483 తిరుగుతుంది. నేరుగా పోయే హైవేలో కూడా, 100 కిలోమీటర్లకు దాదాపు 700 చుట్ల తేడాను ఆ ప్లేట్లే జారుతూ సర్దాలి. పంక్చర్ అయిందని ఒక్క వెనక టైరే కొత్తది వేయించుకున్న కార్లలో కొత్త ప్లేట్లు కూడా అలాగే వేడెక్కి, అలాగే అరుగుతాయి.