ఫ్యాక్టరీ మూతపడ్డాక వచ్చే డబ్బు

2022 ఆగస్టులో అమెరికా ఆర్థికాభివృద్ధి సంస్థ (అక్కడ అందరూ ఈడీఏ అంటారు, వాణిజ్య శాఖ కింద ఉంటుంది) 32 ప్రాజెక్టులకు కలిపి 50 కోట్ల డాలర్ల గ్రాంట్లు ప్రకటించింది. ఆ పథకం పేరు గుడ్ జాబ్స్ ఛాలెంజ్. కోవిడ్ దెబ్బ నుంచి ఆయా ప్రాంతాలు కోలుకునేలా జనానికి పని నేర్పించాలి, అయితే నేర్చుకున్నవాళ్లను ఉద్యోగంలోకి తీసుకుంటామని కంపెనీలు ముందే మాట ఇవ్వాలి. ఇంత మామూలు షరతు మొదటి నుంచీ ఉండే ఉంటుందని అనుకుంటాం. లేదు. అక్కడిదాకా రావడానికి 60 ఏళ్లు పట్టింది.

1950లలో అమెరికా మొత్తం బాగుపడుతుంటే కొన్ని ప్రాంతాలు మాత్రం కుంగిపోయాయి. బొగ్గు గనుల్లోకి యంత్రాలు వచ్చాయి, బట్టల మిల్లులు దక్షిణాదికి తరలిపోయాయి. ఇలాంటి ప్రాంతాలకు ప్రత్యేకంగా డబ్బు ఇవ్వాలని ఇల్లినాయ్ సెనేటర్ పాల్ డగ్లస్ బిల్లు కోసం ఏళ్ల తరబడి పట్టుబట్టాడు, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1958లో ఒకసారి, 1960లో ఇంకోసారి వీటో చేశాడు. అదే 1960లో కెనెడీ ఎన్నికల ప్రచారానికి వెస్ట్ వర్జీనియా వెళ్లి, పని పోయిన గని కార్మికుల ఇళ్లలో పేదరికం కళ్లారా చూశాడు. గెలిచాక 1961 మే 1న ఆ చట్టం మీద సంతకం పెట్టాడు. మరుసటి ఏడాదే, యంత్రాల వల్ల పని పోయినవాళ్లకు కొత్త పని నేర్పించే చట్టం ఇంకోటి వచ్చింది. 1965లో అధ్యక్షుడు జాన్సన్ హయాంలో అపలాచియన్ ప్రాంతీయ కమిషన్ (తూర్పున ఉన్న వెనకబడ్డ కొండ ప్రాంతాల కోసం పెట్టింది), ఈడీఏ రెండూ పుట్టాయి.

నా లెక్కలో అసలు చిక్కు అక్కడే మొదలైంది. ప్రాంతానికి ఇచ్చే డబ్బు ప్రధానంగా వాణిజ్య శాఖ వైపు నుంచి వచ్చేది, మనిషికి ఇచ్చే శిక్షణ డబ్బు కార్మిక శాఖ వైపు నుంచి. ఒకరు రోడ్డు, నీళ్ల పైపులు, పారిశ్రామికవాడ కట్టించి కంపెనీ వస్తుందని ఎదురుచూసేవారు, ఇంకొకరు వెల్డింగో టైపింగో నేర్పించి సర్టిఫికెట్ చేతికిచ్చేవారు, ఈ రెండు పనులూ ఒకే ఊళ్లో ఒకే మనిషి కోసం కలిసిన సందర్భాలు తక్కువ.

ఆ తర్వాత చట్టాల పేర్లు చాలాసార్లు మారాయి. 1973లో నిక్సన్ శిక్షణ డబ్బును స్థానిక ప్రభుత్వాల చేతికి ఇచ్చాడు. 1978కల్లా ఆ పథకం కింద 7 లక్షల మందికి పైగా ప్రభుత్వం కల్పించిన పనుల్లో ఉన్నారు, కానీ అక్రమాల ఆరోపణలతో దానికి చెడ్డపేరు వచ్చింది. 1981-82లో రీగన్ ప్రభుత్వం ఆ ఉద్యోగాలు తీసేసి ఒట్టి ట్రైనింగ్ మిగిల్చింది, ఈడీఏనైతే పూర్తిగా మూసేయాలని చూసింది. కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఒప్పుకోలేదు, అలాగని చట్టాన్ని పొడిగించనూ లేదు. 1998 దాకా ఆ సంస్థ ఏటికేడు బడ్జెట్ మీదే బతికింది. సరిగ్గా సాయం కావలసిన కాలం అది. అంతకు కొన్నేళ్ల ముందే, 1977 సెప్టెంబరు 19న ఒహాయోలోని యంగ్స్‌టౌన్‌లో ఒక్క ఉక్కు ప్లాంటు మూత ప్రకటనతో దాదాపు 5,000 మంది పని పోయింది, ఆ తర్వాత మిగతా ప్లాంట్లూ వరసగా మూతపడ్డాయి. అక్కడివాళ్లు ఆ రోజును ఇప్పటికీ బ్లాక్ మండే అంటారు.

దారి చూపింది మాత్రం వాషింగ్టన్ కాదు, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో. 1990లో అక్కడ జీన్స్ కంపెనీ లీవైస్ తన ప్లాంటు మూసేసి పనిని కోస్టారికాకు తరలిస్తే వెయ్యి మందికి పైగా రోడ్డున పడ్డారు, వాళ్లలో ఎక్కువమంది మెక్సికన్ మూలాలున్న ఆడవాళ్లు. అదే సమయంలో ఊరి ఆసుపత్రుల్లో నర్సుల కొరత ఉంది. అంటే ఊళ్లో ఉద్యోగాలు ఉన్నాయి, కుట్టుమిషన్ ముందు నుంచి లేచినవాళ్లకు వాటిని అందుకునే దారే లేదు. చర్చిల చుట్టూ అల్లుకున్న స్థానిక సంఘాలు కంపెనీలతో కూర్చుని, మీకు ఎలాంటివాళ్లు కావాలో చెప్పండి, తీసుకుంటామని మాటివ్వండి అని అడిగాయి. అలా ప్రాజెక్ట్ క్వెస్ట్ మొదలైంది. ఫీజు కట్టారు, పిల్లల సంరక్షణకూ రాకపోకలకూ సాయం చేశారు, చదువు మధ్యలో మానేయకుండా కౌన్సెలర్లు వారం వారం కూర్చుని మాట్లాడారు. తర్వాత పరిశోధకులు లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి చూస్తే, తొమ్మిదేళ్లయ్యాక కూడా క్వెస్ట్‌లో చేరినవాళ్ల సంపాదన మిగతావాళ్లకంటే స్పష్టంగా ఎక్కువ ఉంది. ఈ రంగంలో ఇంతకాలం నిలిచిన ఫలితాలు చాలా అరుదు. దానికి ఆ పిల్లల సంరక్షణ డబ్బు, ఆ వారం వారం మాటలే కారణమని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే రెండేళ్ల కోర్సును ఆపేసేది చాలాసార్లు పాఠం కాదు, ఇంట్లో జ్వరంతో ఉన్న పిల్లాడు.

2021 మార్చిలో కోవిడ్ సహాయ చట్టం ఈడీఏకి 300 కోట్ల డాలర్లు ఇచ్చింది, మామూలుగా ఏటా వచ్చేదానికి అది ఎన్నో రెట్లు. గుడ్ జాబ్స్ ఛాలెంజ్ అందులోంచే వచ్చింది, క్వెస్ట్ పద్ధతి నీడ దాని మీద బాగా కనిపిస్తుంది. ఇన్నాళ్లూ ఎక్కువగా కట్టడాలకే డబ్బిచ్చిన సంస్థ, మనిషి ట్రైనింగ్‌కూ పిల్లల సంరక్షణకూ ఈ స్థాయిలో ఇవ్వడం కొత్త. దాని పక్కనే 100 కోట్ల డాలర్లతో ఇంకో పోటీ పెడితే 529 దరఖాస్తులు వచ్చాయి, స్థానిక సంస్థలు కలిసి కట్టిన 21 కూటములకే డబ్బు దక్కింది. పోటీ అంటేనే నాకు భయం. దరఖాస్తు రాయడానికి మనుషులు కావాలి, లెక్కలు తెలిసినవాళ్లు కావాలి, బాగా చితికిపోయిన కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఆ మనుషులే ముందు ఊరొదిలి వెళ్లిపోతారు.

చివరిసారి పొడిగించిన 20 ఏళ్ల తర్వాత, 2025 జనవరిలో ఈడీఏ చట్టాన్ని మళ్లీ పొడిగించారు. డబ్బు సంగతి వేరు. కోవిడ్ నిధి ఒక్కసారి ఇచ్చింది, అంతే. 2024లో గుడ్ జాబ్స్ ఛాలెంజ్ రెండో విడతకు దేశం మొత్తానికి పెట్టింది 2.5 కోట్ల డాలర్లు, మొదటి విడతలో ఇరవయ్యో వంతు.