తూము ఎవరు తెరవాలె?

పిల్లలకు,

మనిషికి స్వార్థం ఉన్నన్ని రోజులు సర్కారు లేని లోకం నడుస్తదా అని రాసిండ్రు. సర్కారు లేకుండ జనమే కలిసి నడుపుకోవాలనే అరాజకవాదం మాట పక్కకు పెట్టి, ముందు చెరువు కట్ట మీదికి రండ్రి.

చెరువు సగమే నిండిన ఏడు యాసంగికి తైబందీ కడ్తరు. ఆయకట్టు 100 ఎకరాలనుకోండ్రి, నీళ్లు 50కే సరిపోతయి. నాలుగెకరాలున్నోడు రెండే నాటాలె, ఎకరమున్నోడు అరెకరమే. తూము తెరిచి వంతు ప్రకారం నీళ్లు పారించేది నీరటి. ఆయనకు కోతలప్పుడు ప్రతి రైతు వడ్లు కొలవాలె. కొస మడి ఎండితే ఆయన గింజలూ తగ్గుతయి, అందుకే నీళ్లు కొసదాకా పోవాలని ఆయనకే ఎక్కువ ఆత్రం. ఇందుల ఎవరి మంచితనాన్నీ నమ్ముకోలేదు, చూసిండ్రా?

రాత్రి ఎవడన్న కాలువకు గండి కొడితే తెల్లారేసరికి పక్క మడోడు పట్టేస్తడు. మొదట మందలింపు, రెండోసారి దండుగ, అప్పటికీ వినకుంటేనే వంతు ఆపుడు. మొదటి తప్పుకే వంతు ఆపితే పంట పోయినోడు పగబడ్తడు, కట్టుబాటే తెగుతది. ఉమ్మడి వనరులను జనమే ఎట్ల కాపాడుకుంటరో పరిశోధించి 2009ల నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ కూడా చిన్నగ మొదలై పెరిగే శిక్షలనే గుర్తించింది. స్పెయిన్ల వలెన్సియా రైతులు ఎన్నుకున్న నీళ్ల పంచాయితీ గురువారం గురువారం చర్చి గుమ్మం ముందట కూసుంటది. వకీళ్లుండరు, అంతా నోటిమాటే.

రష్యా అరాజకవాది క్రొపోత్కిన్ వాదమూ గిదే దారిల పోతది: మనుషులు చెడ్డోళ్లైతే, వాళ్లల్ల ఒకని చేతికి అందరి మీద అధికారమెట్ల ఇస్తరు? ఈ ప్రశ్నకు గట్టి జవాబు నాకింకా దొరకలేదు.

అట్లని మన పాత ఊర్లను స్వర్గమనుకోకుండ్రి. దొర పొలానికి వంతు తప్పి నీళ్లు పోతే నీరటి నోరెత్తలేకపోయేటోడు. సర్కారు దూరంగున్నా పెత్తనం గడపలనే ఉండె. తర్వాత బోర్లొచ్చినయి. బోరున్నోడికి చెరువుతోని పనిలేదు, పూడిక తీయ రమ్మంటే రాడు, దండుగకూ భయపడడు. కట్టుబాటును దొంగతనం కన్న ఎక్కువగ దెబ్బతీసింది ఈ అక్కర తీరుడే.

ఇంకో చిక్కు, గొలుసుకట్టు చెరువులు: పై చెరువు నిండి మత్తడి (అలుగు) మీంచి పొర్లితేనే కింది చెరువుకు నీళ్లు. పై ఊరు మత్తడి ఎత్తు జానెడు పెంచితే కింది చెరువుకు నీళ్లు ఆలస్యమైతయి. ఊరూరు నుంచి ఒకర్ని పంపి మాట్లాడుకోవాలె, మాట తప్పినోణ్ని ఊరే వెనక్కి పిలవాలె అంటరు అరాజకవాదులు. సొంత చెరువు ఎండుతున్నప్పుడు ఆ మనిషి కింది ఊరి పక్షాన మాట్లాడుతడా? నాకైతే అనుమానమే. ఒక చెరువుదాకా నడిచేది కృష్ణా నదిదాకా నడుస్తదని చెప్పలేను.

సెలవులల్ల మీ ఊరి పాత తూము చూసి రండ్రి. రెండు రాతి స్తంభాలు, నడుమ కర్ర, దాని కింది కొసకు కంతను మూసే చెక్క బిరడా ఉంటే అది పాతకాలందే. నీళ్ల సంగతి తూము పక్క రైతును అడగకుండ్రి, అందరికీ అందినయంటడు. కొస మడి రైతును అడుగుండ్రి, తూము తెరిచిన ఎన్నో రోజుకు తడి అందిందో.

మీ తాత