భుజం కీలు మార్పిడి: అపోహలు - వాస్తవాలు

అపోహ: కీలు మార్పిడి మోకాలికీ తుంటికీ మాత్రమే. భుజానిది ఇంకా ప్రయోగ దశలోనే ఉంది.

పారిస్‌లో పేయాన్ అనే సర్జన్ 1893లోనే క్షయతో పాడైన భుజానికి ప్లాటినం, రబ్బరు కీలు అమర్చాడు. ఇన్ఫెక్షన్ వదలక రెండేళ్లకు తీసేశారు, అది వేరే సంగతి. ఇప్పుడు అమర్చేవాటిలో నూటికి 90 దాకా పదేళ్లు దాటి పనిచేస్తున్నాయి. అయితే మోకాళ్లతో పోలిస్తే ఈ ఆపరేషన్లు బాగా తక్కువ. అందుకే ‘ఏడాదికి ఎన్ని భుజాలు చేస్తారు?’ అని సర్జన్‌ని మొహమాటపడకుండా అడగండి.

అపోహ: చెయ్యి పైకి లేవకపోతే కీలు అరిగిపోయినట్టే.

షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఫ్రోజెన్ షోల్డర్. కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుంటుంది. ఎక్స్‌రేలో కీలు మాత్రం చక్కగానే ఉంటుంది. మందులు, వ్యాయామంతో చాలామందికి ఒకటి నుంచి మూడేళ్లలో సర్దుకుంటుంది. దానికి కీలు మార్చనక్కర్లేదు. మార్పిడి అవసరమయ్యేది బాగా ముదిరిన అరుగుదలకి, కీళ్లవాతానికి, రక్తం అందక బంతి (చేతి ఎముక గుండ్రటి పైకొస) కుంగిపోయినప్పుడు, పెద్ద వయసులో ఎముక ముక్కలైనప్పుడు. అరుగుదల, కీళ్లవాతం ఉన్నవాళ్లకైనా ఎక్స్‌రే ఒక్కటీ చూసి ఆపరేషన్ చెప్పకూడదు. మందులు వాడినా రాత్రి నిద్రపట్టనివ్వని నొప్పి ఉందా అన్నదే అసలు ప్రశ్న.

ఆపరేషన్ ఆలోచన ఉంటే భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకోవద్దు. చేయించుకుంటే కనీసం మూడు నెలలు ఆగాలి, లేకపోతే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది.

అపోహ: ఆపరేషన్ అంతా ఒకటే, కంపెనీలే వేరు.

ముఖ్యమైన రకాలు రెండు, తేడా కంపెనీది కాదు. బంతిని రెక్క ఎముక గుంత మధ్యలో నిలిపేది రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాల గుంపు. అది బాగుంటే మామూలు పద్ధతి: చేతి ఎముకకు లోహపు బంతి, రెక్క ఎముకకు ప్లాస్టిక్ గిన్నె. అది తెగిపోయిన భుజానికి ఇదే పెడితే, పైనున్న డెల్టాయిడ్ కండరం బంతిని పైకి లాగేస్తుంది. బంతి గిన్నె అంచు మీద ఒత్తుతూ ఒత్తుతూ దాన్ని వదులు చేస్తుంది.

అలాంటివాళ్లకు రివర్స్ పద్ధతి. ఫ్రాన్స్‌లో పాల్ గ్రామాంట్ 1985లో రూపొందించాడు. బంతి రెక్క ఎముకకు, గిన్నె చేతి ఎముకకు వెళ్తాయి. కీలు తిరిగే కేంద్రం లోపలికీ కిందికీ జరగడంతో, డెల్టాయిడ్ ఒక్కటే చేతిని ఎత్తగలుగుతుంది. కాబట్టి ఆ కండరమూ, దాని నరమూ పనిచేస్తుండాలి. దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది. చెయ్యి తల మీదకి వెళ్తుంది కానీ వీపు వెనక్కి పూర్తిగా వెళ్లకపోవచ్చు. వెనక హుక్కుల జాకెట్టు వేసుకునేవాళ్లు ముందు హుక్కులకి మారాల్సి రావచ్చు. నీళ్లు వాడుకునే చెయ్యి అదే అయితే ఆ సంగతి సిగ్గుపడకుండా ముందే మాట్లాడండి. కండరాల స్థితికి ఎమ్మారై, గుంత అరుగుదలకి సీటీ చూసి నిర్ణయిస్తారు.

అపోహ: మోకాలిలాగే మర్నాటి నుంచే గట్టిగా కదిలించాలి.

ఈ నమ్మకంతో భుజం చెడొచ్చు. కీలుని చేరుకోడానికి చాలా ఆపరేషన్లలో ముందువైపున్న సబ్‌స్కాపులారిస్ టెండన్‌ని (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీని) విడదీసి, చివర్లో తిరిగి కుడతారు. అది అతుక్కోడానికి ఆరు వారాలైనా పడుతుంది. ఈలోగా ఆ చేత్తో కుర్చీ పట్టుకుని లేచినా, ఎవరైనా చేతిని బయటికి తిప్పి లాగినా కుట్లు తెగొచ్చు. రివర్స్ అయితే, చెయ్యి వెనక్కి పెట్టి ఒత్తినప్పుడు కీలే తప్పొచ్చు. నేలబారు మరుగుదొడ్డి వద్దు. నూనె రాసి లాగించడం అసలే వద్దు.

వేళ్లు, మణికట్టు, మోచెయ్యి మొదటి రోజు నుంచే కదపాలి. స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ) నాలుగు నుంచి ఆరు వారాలు. సొంత బలంతో ఎత్తడం ఆ తర్వాత, బలం పెంచే వ్యాయామం 12 వారాలకి. పడుకున్నప్పుడు మోచేతి కింద దిండు పెట్టి, తల దించకుండానే మీ మోచెయ్యి మీకు కనిపించేలా ఉంచుకోండి. చొక్కా తొడిగేటప్పుడు ఆపరేషన్ చెయ్యి ముందు, విప్పేటప్పుడు అది చివర.

అపోహ: మర్నాడు చెయ్యి మొద్దుబారితే నరం తెగినట్టే.

మెడ దగ్గర నరాలకి ఇచ్చే బ్లాక్ మత్తు 12 నుంచి 24 గంటలుంటుంది. అది కొన్ని గంటలపాటు ఒకవైపు డయాఫ్రమ్‌నీ (ఊపిరి పీల్చే కండరాన్నీ) బలహీనపరుస్తుంది. ఊపిరితిత్తుల జబ్బు ఉంటే మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి. రెండో రోజు దాటినా స్పర్శ రాకపోతే సర్జన్‌కి చూపించాలి.

అపోహ: కుట్లు మానాయి, జ్వరం లేదు, కాబట్టి ఇన్ఫెక్షన్ లేదు.

భుజం చర్మపు నూనె గ్రంథుల్లో క్యూటిబాక్టీరియం ఆక్నేస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. ఎరుపు, చీము, జ్వరం లేకుండా నెలలు, ఏళ్ల తర్వాత నొప్పిగా, బిగుతుగా బయటపడుతుంది. రక్తపరీక్షలూ మామూలుగా రావచ్చు. కల్చర్‌ని (ల్యాబ్‌లో బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్షని) 14 రోజుల దాకా ఉంచి చూడాలి. అందుకే కొందరు సర్జన్లు ఆపరేషన్‌కి ముందు ఈ బ్యాక్టీరియాని తగ్గించే 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ మందు చర్మానికి రాయిస్తారు. ఇంట్లో చంక గీసుకోవద్దు. షుగర్ అదుపులో లేకుంటే వాయిదా వేయడమే మేలు.

అపోహ: కోలుకున్నాక ఏ బరువైనా ఎత్తొచ్చు.

చాలామంది సర్జన్లు పెట్టే హద్దు సుమారు పది కిలోలు. నిండు 20 లీటర్ల నీళ్ల క్యాన్ దానికి రెట్టింపు. రివర్స్ పద్ధతిలో, అంతా బాగుందనుకుంటుండగా కొన్ని నెలలకి భుజం పైకొసన కొత్తగా నొప్పి మొదలైతే, అక్కడి ఎముక ఒత్తిడికి చిట్లి ఉండొచ్చు. మామూలు ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు, సీటీ చేయించాలి. అప్పటిదాకా వ్యాయామం ఆపండి.