జపాన్ యుద్ధకాలపు హెల్మెట్లు: అసలు, నకిలీ గుర్తించడంలో అపోహలు - వాస్తవాలు

రెండో ప్రపంచయుద్ధ కాలపు జపాన్ సైనిక హెల్మెట్ అంటే అమ్మకానికి ఎక్కువగా కనబడేది టైప్ 90. 1930లో వచ్చి యుద్ధం ముగిసేదాకా నడిచింది. కొన్ని పాత ఇంగ్లీషు రచనల్లో టైప్ 92 అని రాసింది కూడా దీన్నే, కాబట్టి రెండు పేర్లు చూసి రెండు రకాలనుకోవద్దు. గుండ్రటి ఉక్కు డొప్ప, చుట్టూ కొంచెం బయటికి వాలిన పొట్టి అంచు, ముందు ఐదు కోణాల నక్షత్రం, లోపల మెత్త పెట్టిన తోలు లైనర్, గడ్డం కింద ముడేసుకునే పొడవాటి నూలు నాడా. వీటిలో ఏదో ఒక్కటి చూసి తీర్పు చెప్పేవాళ్లే ఎక్కువగా మోసపోతారు. డొప్ప, రంగు, లైనర్, నాడా ఒకదాని వయసుతో ఒకటి సరిపోతున్నాయా అన్నదే చూడాలి.

అపోహ: అయస్కాంతం అంటుకుంటే అసలుదే.

నిన్న చేసిన మామూలు ఇనుప రేకుకూ అంటుకుంటుంది. అంటుకోకపోతే అది అల్యూమినియమో ఫైబరో అని తెలుస్తుంది, అంతకుమించి ఈ పరీక్షతో ప్రయోజనం లేదు. అసలు డొప్ప క్రోమ్-మాలిబ్డినం ఉక్కు, దాదాపు ఒక మిల్లీమీటరు మందం. సినిమా షూటింగులకూ, యుద్ధాన్ని అభినయించి చూపే బృందాలకూ చేసే కొత్త ప్రతుల్లో ఆకారం తేడాగా ఉంటుంది. అంచు మరీ వెడల్పుగానో, నడినెత్తి మరీ చదునుగానో కనబడుతుంది. అనుమానం లేని అసలుదాని ఫొటో పక్కన పెట్టుకుని పక్కవాటు చూస్తే చాలావాటిని అక్కడే పక్కన పెట్టేయొచ్చు.

అపోహ: తుప్పు పట్టి ఉంటే పాతదే.

ఉప్పునీళ్లు, వెనిగర్ ఉంటే తుప్పు కొద్ది రోజుల పని. అలా తెప్పించిన తుప్పు నారింజ రంగులో, పొడిపొడిగా, అన్నిచోట్లా ఒకేలా ఉండి వేలికి అంటుతుంది. ఏళ్ల తరబడి పట్టిన తుప్పు ముదురు గోధుమ రంగులో పొరలుగా గట్టిపడుతుంది. తడి నిలిచే చోట్ల, అంటే అంచు మడతలోనూ రివెట్ల చుట్టూనూ ఎక్కువగా ఉండి లోహాన్ని గుంటలుగా తినేస్తుంది.

అన్నిటికంటే నమ్మదగిన గుర్తు లైనర్ వెనకాల ఉంటుంది. తోలు మెత్తను మెల్లగా పైకెత్తి టార్చి వేసి చూడండి. లైనర్ మొదటినుంచీ దానికే ఉన్నదైతే, మెత్త కప్పిన చోట లోపలి రంగు మిగతా భాగం కంటే తాజాగా ఉంటుంది, మెత్త ఆకారం నీడలా కనిపిస్తుంది. లోపలంతా సమానంగా తుప్పు పట్టి, దానిమీద చెక్కుచెదరని తోలు ఉంటే ఆ లైనర్ తర్వాత తెచ్చి బిగించినదే. రివెట్ తల చుట్టూ రంగు తెగి లోహం మెరుస్తున్నా అదే అనుమానం.

తోలుకూ ఒక పద్ధతి ఉంది. తలకు తగిలే వైపు చెమటకు నల్లబడుతుంది, వెనకవైపు లేతగా ఉంటుంది, మడత పడే చోట పగుళ్లు వస్తాయి. బూట్ పాలిషో టీ డికాక్షనో పట్టించిన తోలు రెండు వైపులా ఒకే నలుపు, కుట్టు రంధ్రాల లోపల కూడా అదే నలుపు.

అపోహ: ముందు నక్షత్రం ఉంది కాబట్టి సైన్యానిదే.

నక్షత్రం విడిగా కొనుక్కోవచ్చు. అసలుదానికి వెనక ఉన్న కొక్కేల్లాంటి కాళ్లు డొప్పలోంచి లోపలికి వచ్చి వంగి ఉంటాయి. ఆ వంపు మీద కూడా డొప్ప లోపలి రంగే ఉందో లేదో చూడండి. సైన్యం నక్షత్రానికీ డొప్పకూ ఒకే మట్టిరంగు వేసేది. కోణాల అంచుల మీద ఆ రంగు అరిగి లోహం కనబడటం సహజం. ఇత్తడి చెంబులా ధగధగలాడే నక్షత్రం మాత్రం పనిగట్టుకుని తోమినదో, కొత్తగా తగిలించినదో.

పౌర రక్షణ దళాలూ అగ్నిమాపక దళాలూ వాడిన హెల్మెట్లకు నక్షత్రం తగిలించి సైన్యానివిగా అమ్మడం పాత ఎత్తుగడే. అవి సాధారణంగా పలచటి రేకు, చవక లైనర్, కొన్నిటికి మెడ మీదికి వేలాడే గుడ్డ. అవీ యుద్ధకాలపువే, వాటికీ సేకరణ విలువ ఉంది, కానీ ధరలో పోలికే లేదు.

నౌకాదళానికి లంగరు చిహ్నం. నౌకాదళపువి తక్కువగా దొరుకుతాయి, అందుకే సైన్యం హెల్మెట్‌కు నక్షత్రం పీకి లంగరు పెడతారు. పాత రంధ్రాలు పూడ్చిన మచ్చ లోపలివైపు దొరుకుతుంది.

అపోహ: తూటా రంధ్రం ఉంటే యుద్ధంలో వాడినదే.

రంధ్రం ఎప్పుడైనా చేయొచ్చు. తూటా దూరిన చోట అంచు లోపలికి వంగి చిరుగుతుంది, డ్రిల్ చేసిన రంధ్రం గుండ్రంగా నున్నగా ఉంటుంది. తెగిన అంచు మీది తుప్పు డొప్ప మిగతా భాగపు తుప్పుతో కలవాలి. డొప్పకు ఇంత బొక్క ఉండి, దాని ఎదురుగా ఉన్న తోలుకు గీత కూడా పడలేదంటే ఆ కథ అక్కడితో సరి. అసలు డొప్పనే యుద్ధం తర్వాత ఎవరో సరదాగా గురిపెట్టి కాల్చి ఉండొచ్చు కూడా.

అపోహ: రంగు మార్చి ఉంటే నకిలీ.

కాకపోవచ్చు. జపాన్ నుంచి స్వాధీనమైన హెల్మెట్లను చైనా కమ్యూనిస్టు సైన్యం యుద్ధం తర్వాతా వాడింది. 1949 అక్టోబర్ 1న బీజింగ్ కవాతులో సైనికుల తలలమీద కనబడేవి ఇవే. అలాంటివాటి డొప్ప అసలుదే, రంగూ లైనరూ తర్వాతివి. జపాన్‌లో అయితే యుద్ధానంతర కరువులో మిగిలిపోయిన హెల్మెట్లు వంటపాత్రలయ్యాయి. రివెట్ రంధ్రాలు పూడ్చి ఉన్న డొప్ప కనబడితే ఆ కోణంలో కూడా ఆలోచించండి. అమ్మేవాడు ఆ సంగతి చెప్పకుండా కొత్త లైనర్ పెట్టి ‘ఒరిజినల్’ అంటే మాత్రం మోసమే.

అపోహ: అల్ట్రావయొలెట్ దీపం కింద మెరిస్తే నకిలీ, మెరవకపోతే అసలు.

సగమే నిజం. బట్టను మరింత తెల్లగా కనబరిచేందుకు యుద్ధం తర్వాత విరివిగా వచ్చిన రసాయనాలున్న నూలు నీలితెలుపుగా వెలుగుతుంది కాబట్టి నాడా, దారం, గుడ్డ తొడుగు ఈ వెలుగులో చూడటం మంచిదే. కానీ ఇప్పటి సబ్బుపొడితో ఉతికిన పాత నాడా కూడా అలాగే వెలుగుతుంది. మరోవైపు ఆ రసాయనం లేని కొత్త నూలు అసలు వెలగదు. వెలిగితే అదనంగా ఒక ప్రశ్న వేసుకోండి, వెలగకపోతే సంబరపడకండి. నాడాకు ఊడి వేలాడుతున్న పోగు దొరికితే దాన్ని విడిగా తీసి కాల్చండి. కరిగి గట్టి పూసలా ముద్దకడితే పాలియెస్టర్‌లాంటి కృత్రిమ దారం, అంటే యుద్ధకాలపు నాడా కాదు.

గుడ్డ తొడుగు మీద తేదీ ముద్ర ఉంటే అది షోవా శకంలో, అంటే అప్పటి జపాన్ చక్రవర్తి పాలన మొదలైనప్పటి నుంచి లెక్కించే ఏళ్లలో ఉంటుంది. ఆ అంకెకు 1925 కలపాలి: షోవా 16 అంటే 1941. ముద్ర ఉన్నంత మాత్రాన డొప్పకు ఆ తేదీ అంటగట్టకూడదు, తొడుగులు ఎప్పుడైనా మారతాయి. లోపల సిరాతో రాసిన పేరూ అంతే. ఇవాళ రాయడం ఎవరికైనా సులువే, అందుకని పేరుకు అదనపు డబ్బు పెట్టకండి.

అపోహ: ‘మా ఊళ్లో దొరికింది’ అంటే చాలు.

ఎక్కడ దొరికిందన్నది కాదు, అక్కడికి ఎలా చేరిందన్నది అడగాలి. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద దాడి చేసినవి విమానాలు. జపాన్ పదాతిదళం మన తీరంలో అడుగుపెట్టలేదు. కాబట్టి ‘విశాఖ బాంబుదాడినాటి హెల్మెట్’ అని ఎవరైనా టైప్ 90 చూపిస్తే నవ్వి ఊరుకోవడమే. ఇంఫాల్, కోహిమా వైపు నుంచి వచ్చినవి వేరు. 1944లో అక్కడ నిజంగానే భీకర పోరు జరిగింది, నేలలోంచి డొప్పలు బయటపడతాయి. అలాంటివాటికి లైనరూ నాడా దాదాపు మట్టిలో కలిసిపోయి ఉంటాయి, రివెట్ల చుట్టూ ఉక్కు తినేసి ఉంటుంది. అలాంటి తవ్వకపు డొప్పలో కొత్తగా మెరిసే తోలు ఉంటే ధరలో లైనర్ వాటా కొట్టేసి మాట్లాడండి. అలాంటిదాన్ని వైర్ బ్రష్‌తో రుద్దొద్దు, నూనెలో ముంచొద్దు. మెత్తటి బ్రష్‌తో పొడి మట్టి దులిపి, తేమ తగలని చోట పెట్టండి. మీరే వెళ్లి తవ్వే ఆలోచన మాత్రం మానుకోండి. ఆ కొండల్లో పేలని గుండ్లు ఇంకా ఉన్నాయి.

ఆన్‌లైన్‌లో కొంటుంటే ఈ ఫొటోలు అడగండి: పక్కవాటు, నక్షత్రం దగ్గరగా, దాని కాళ్లు లోపలివైపు, మెత్త ఎత్తి దాని వెనక, రివెట్లు బయటా లోపలా, వెనకవైపు లోపలి అంచు. సైజు, తయారీ ముద్ర ఉంటే ఆ అంచు దగ్గరే వెతకాలి. మెత్త ఎత్తి చూపనన్నవాడి దగ్గర కొనకండి.