మందుల కవరులో కరపత్రం: మద్రాసు ప్రెస్బిటీరియన్ల పాత తగువు

చెన్నైలో ఏ క్రైస్తవ సంఘమైనా ఫ్రీ మెడికల్ క్యాంపు పెడదామనుకుంటే కమిటీ మీటింగులో ఒక గొడవ తప్పదు. షామియానా ఎవరిది, షుగర్ టెస్టు స్ట్రిప్పులు ఎవరు తెస్తారు, టోకెన్లు ఎవరు రాస్తారు, ఇవన్నీ పది నిమిషాల్లో తేలిపోతాయి. మందుల కవరులో సువార్త కరపత్రం పెట్టాలా వద్దా అన్నదే తేలదు. "పెట్టకపోతే మనకీ లయన్స్ క్లబ్బుకీ తేడా ఏముందండీ?" అంటారొకరు. "పెట్టాక ఎవరైనా కంప్లయింట్ ఇస్తే స్టేషనుకి మీరు వెళ్తారా?" అంటారింకొకరు. కుర్రాళ్ళందరూ ఒక పక్క, పెద్దవాళ్ళందరూ ఇంకో పక్క ఉంటారనుకోవద్దు. చాలాచోట్ల ఉత్సాహం పెద్దలది, భయం కుర్రాళ్ళది.

ఈ తగువు ఈనాటిది కాదు. ఈ ఊళ్ళో దీన్ని బడిలో, ఆస్పత్రిలో, చివరికి పొలంలో కూడా తెగదాకా లాగినవాళ్ళు స్కాట్లాండ్ ప్రెస్బిటీరియన్లు. వాళ్ళకి బిషప్పులుండరు. సంఘ పెద్దలూ పాస్టర్లూ సభలో కూర్చుని చర్చించి తీర్మానం చేస్తారు. పని ఎక్కడ జరిగినా లెక్క ఆ సభకి చెప్పాలి. అందుకే వాళ్ళ మిషన్ చరిత్రలో వాదనలకి లోటు లేదు.

ఎగ్మోరులోని సెయింట్ ఆండ్రూస్ కిర్క్‌తో మొదలుపెట్టడం ఆనవాయితీ. 1821లో తెరిచిన గుడి అది. అక్కడి నేల మెత్తన కాబట్టి పునాదికి బావులు తవ్వి, వాటి మీద కట్టాడు ఇంజనీరు డి హావిలాండ్. చూడదగ్గ కట్టడమే గానీ, మన కథలో దాని పాత్ర తక్కువ. అది కంపెనీ కొలువులో ఉన్న స్కాట్లాండ్ వాళ్ళ ఆరాధన కోసం కట్టింది, ఊరివాళ్ళ కోసం కాదు. అయితే 1835లో అక్కడి చాప్లిన్లు, అంటే ఆ గుడి పాస్టర్లు, ఒక చిన్న బడి పెట్టారు. దాన్ని నడపడానికి స్కాట్లాండ్ నుంచి 1837లో జాన్ ఆండర్సన్ వచ్చాడు. బడిని ఎగ్మోరు నుంచి జార్జిటౌన్ వైపు, అప్పట్లో బ్లాక్ టౌన్ అనేవారు, ఆర్మీనియన్ వీధికి మార్చాడు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఆండర్సన్ లెక్క సూటిగా ఉండేది. ఇంగ్లిషు చదువు కావాలని పై కులాల పిల్లలు వస్తారు, చదువుతోపాటు బైబిలూ చెప్తాం, వాళ్ళు మారతారు, వాళ్ళ ద్వారా ఊరు మారుతుంది. ఇంగ్లిషుకి ఉన్న గిరాకీని బట్టి పిల్లలు వచ్చారు. 1838లో ఇద్దరు దళిత బాలురు బడిలో చేరినట్టు తెలియగానే మిగతా తల్లిదండ్రులు వాళ్ళని పంపించేయమన్నారు. ఆండర్సన్ ఒప్పుకోలేదు. పిల్లలు గుంపుగా మానేశారు, తర్వాత మళ్ళీ చేరారు. పై కులాల కోసమే పెట్టిన బడి కదా, ఇద్దరినీ సర్ది పంపించేస్తే అతని పథకం సాఫీగా సాగిపోయేది. అలా చేయలేదు. ఆ మిషన్ చేసిన మంచి పనుల్లో నేను ముందు చెప్పేది ఇదే.

1841లో బడి పునాదులు కదిలాయి. రాజగోపాల్, వెంకటరామయ్య, ఎత్తిరాజులు అనే ముగ్గురు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. పేర్లు వింటే మన పక్కింటి కుర్రాళ్ళలాగే ఉన్నారు. బడి దాదాపు ఖాళీ అయింది. ఆ ముగ్గురే 1851లో పాస్టర్లుగా అభిషేకం పొందారు. ఈలోగా 1843లో స్కాట్లాండ్ చర్చి రెండుగా చీలింది. పాస్టరుని నియమించే హక్కు భూస్వామిదా, సంఘానిదా అన్నది అక్కడి గొడవ. ఆండర్సన్, అతని తోటివాళ్ళు కొత్త ఫ్రీ చర్చి వైపు వెళ్ళారు. మద్రాసు జనానికి ఆ చీలిక పట్టలేదు, పిల్లలు చేజారిపోతున్నారన్న భయమే పట్టింది.

ఆ భయానికి గొంతు ఇచ్చినవాడు ఒక తెలుగువాడు. గాజుల లక్ష్మీనరసు శెట్టి మద్రాసులో పేరున్న వ్యాపారి. 1844లో 'క్రెసెంట్' అనే ఇంగ్లిషు పత్రిక పెట్టి మిషనరీలకు జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటి గవర్నరు ట్వీడ్‌డేల్ కూడా స్కాట్లాండ్ వాడే, మిషనరీల పట్ల మొగ్గు ఉన్నవాడు. సర్కారు బడుల్లో బైబిలు పాఠం పెట్టాలన్న ప్రతిపాదన రాగానే 1846లో లక్ష్మీనరసు శెట్టి సభ పెట్టించి, వేల సంతకాలతో లండన్‌కి అర్జీ పంపించాడు. 1852లో అతను నిలబెట్టిన మద్రాస్ నేటివ్ అసోసియేషన్ దక్షిణాదిలో తొలి రాజకీయ సంఘాల్లో ఒకటి. ప్రజలు సర్కారుకి అర్జీ పెట్టుకునే రాజకీయం మద్రాసులో ఊపందుకోవడానికి ఒక కారణం బాప్తిస్మాల మీద వచ్చిన కోపమే. 1842లో మొదలైన పచ్చయ్యప్ప బడి కూడా ఆ కాలంలోదే. ఇంగ్లిషు కావాలి, బైబిలు వద్దు అనుకున్న ఇళ్ళకి అది వేరే దారి చూపించింది.

ఆండర్సన్ 1855లో మద్రాసులోనే చనిపోయాడు. 1862 డిసెంబరులో వచ్చిన విలియం మిల్లర్ ఆ బడిని కాలేజీ చేశాడు. 1877లో ఇతర మిషన్ల సాయంతో దానికి మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అన్న పేరొచ్చింది. మిల్లర్ ఆండర్సన్ లెక్కని తలకిందులు చేశాడు. ఒక్కొక్క కుర్రాణ్ణి మతం మార్చడం కాలేజీ పని కాదు, మొత్తం సమాజం ఆలోచనల్లోకి క్రీస్తు బోధ ఇంకేలా చూడటమే పని అన్నాడు. స్కాట్లాండులో చందాలిచ్చేవాళ్ళకి ఇది మింగుడుపడలేదు. ఇంత డబ్బు పోసి హిందూ కుర్రాళ్ళకి డిగ్రీలిప్పిస్తున్నామా, బాప్తిస్మాలెన్ని, అని అడిగారు. మిల్లర్ వెనక్కి తగ్గలేదు. విచిత్రం ఏమిటంటే ఆ చర్చే 1896లో అతన్ని తన మహాసభకి మోడరేటరుగా, అంటే అధ్యక్షుడిగా, ఎన్నుకుంది. ఇక్కడి విద్యార్థులు అతను బతికుండగానే ఎస్ప్లనేడులో విగ్రహం పెట్టారు.

ఆ కాలేజీలో చదివిన తెలుగువాళ్ళని తలుచుకుంటే మిల్లర్ పద్ధతి ఏం పండించిందో తెలుస్తుంది. ఆంధ్రపత్రిక, అమృతాంజనం స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు అక్కడి పట్టభద్రులే. భోగరాజు పట్టాభి సీతారామయ్యా అంతే. తిరుత్తణి తెలుగింటి నుంచి వెళ్ళిన సర్వేపల్లి రాధాకృష్ణన్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. తరగతిలో మిషనరీ ప్రొఫెసర్లు హిందూ మతం మీద చేసే విమర్శలు తనని కలవరపెట్టాయని ఆయనే చెప్పుకున్నారు. దానికి జవాబు వెతుక్కుంటూ వేదాంతంలో నీతి అనే విషయం మీద ఎం.ఎ. సిద్ధాంతవ్యాసం రాశారు. దాన్ని మెచ్చుకున్నది అక్కడి స్కాట్లాండ్ అధ్యాపకుడు ఆల్ఫ్రెడ్ హాగ్. మిషన్ దృష్టితో చూస్తే ఇది ఓటమా, గెలుపా? చందాదారుడి రిజిస్టర్లో దీనికి గడి లేదు. నన్నడిగితే, ఎదుటివాడి జవాబుని మెచ్చుకోగల గురువున్న కాలేజీ ఓడిపోయినట్టు కాదు. కాలేజీ 1937లో తాంబరానికి మారింది.

కాలేజీకి వెళ్ళలేని మనుషుల దగ్గరికి మిషన్ వేరే దారిలో వెళ్ళింది. 1888లో మటిల్డా మాక్‌ఫెయిల్ అనే డాక్టరమ్మ మద్రాసు వచ్చింది. మగ డాక్టరుకి చెయ్యి చూపించని రోజులవి. ఆడవాళ్ళకీ పిల్లలకీ చిన్న డిస్పెన్సరీగా మొదలైన పని, 1914కల్లా క్రిస్టీనా రైనీ ఆస్పత్రి అయింది. ఆమె 1928 దాకా పనిచేసింది. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వస్తే యూరప్ వెళ్ళి సైనిక ఆస్పత్రుల్లో సేవ చేసి, మళ్ళీ ఇక్కడికే వచ్చింది. ఓల్డ్ వాషర్‌మన్‌పేటలో ఇప్పటికీ నడుస్తున్న రైనీ ఆస్పత్రి అడ్రసులో జి.ఎ. రోడ్ అని ఉంటుంది. విప్పి చదివితే అది గొల్లవారి అగ్రహారం రోడ్డు. ఉత్తర చెన్నైలో మన జనం ఎంత పాతవాళ్ళో ఆ పేరే చెబుతుంది.

ఆస్పత్రి దగ్గర కరపత్రం గొడవ కొంచెం వేరేగా ఉండేది. బడిలో మతం పాఠం ఇష్టం లేకపోతే వేరే బడి వెతుక్కోవచ్చు. పురిటి నొప్పులతో వచ్చిన మనిషి ఎక్కడికి వెళ్తుంది? మిషన్ ఆస్పత్రుల్లో బైబిల్ ఉమన్, అంటే సువార్త చెప్పే ఆవిడ, వార్డుల్లో మంచాల మధ్య తిరుగుతూ కథలు చెప్పడం, పాటలు పాడటం మామూలే. కొందరికి అది ఓదార్పు, కొందరికి ఇబ్బంది. ఆ వార్డుల వల్ల చేరిన సభ్యులెందరో గానీ, ఆడవాళ్ళు ఆడ డాక్టరు దగ్గరికి వెళ్ళడం మాత్రం అలవాటైంది.

మూడోది పొలం. దీని గురించి చర్చి వాళ్ళే తక్కువ మాట్లాడతారు. చెంగల్పట్టులో ఫ్రీ చర్చి మిషనరీ ఆడమ్ ఆండ్రూ, దళితుల దుస్థితికి మూలం గుడిసె కింద జాగా కూడా సొంతం కాకపోవడమే అని పట్టుబట్టాడు. 1891లో జిల్లా కలెక్టరు ట్రెమెన్‌హీర్ చెంగల్పట్టు దళితుల మీద ఇచ్చిన నివేదికా అదే చెప్పింది. 1892లో దళితులకి భూమి కేటాయించాలని సర్కారు ఉత్తర్వు వచ్చింది. తమిళనాడులో ఇప్పటికీ కోర్టుల్లో నలిగే పంచమి భూముల కథ అక్కడిదే. ఆండ్రూ మెల్రోజాపురం అనే వ్యవసాయ ఊరినీ కట్టించాడు. అక్కడ క్రైస్తవం, కౌలు, బావి, బడి అన్నీ కలిసే వచ్చాయి. మతం కోసం వచ్చారా, నేల కోసం వచ్చారా అని అప్పుడూ ఎగతాళి చేశారు. నేల లేనివాడు నేల కోసం రావడంలో తప్పేమిటో నాకైతే అర్థం కాదు.

ఇంత చేసినా మద్రాసు తెలుగువాళ్ళలో ప్రెస్బిటీరియన్ సంఘం అన్నది పెద్దగా నిలబడలేదు. ఆండర్సన్ నెల్లూరులో ఒక శాఖ బడి పెట్టించాడు గానీ, మిషన్లు జిల్లాలు పంచుకున్నప్పుడు నెల్లూరు అమెరికన్ బాప్టిస్టులకి, కడప లండన్ మిషన్‌కి వెళ్ళాయి. స్కాట్లాండ్ వాళ్ళకి చెంగల్పట్టు వైపు తమిళ ఊళ్ళు మిగిలాయి. మద్రాసులో తెలుగువాళ్ళ మధ్య పని కోసం 1878లో నెల్లూరు నుంచి వచ్చినవాడు బాప్టిస్టు, లైమన్ జూయెట్. ప్రెస్బిటీరియన్లకి దగ్గర చుట్టాలైన ఆర్కాటు మిషన్ వాళ్ళు మాత్రం మదనపల్లెలో తెలుగులోనే పనిచేశారు. అక్కడి జేకబ్ చాంబర్లేన్ చర్చిలన్నీ ఒకటి కావాలని జీవితమంతా తిరిగి 1908లో కన్నుమూశాడు. అదే ఏడు ప్రెస్బిటీరియన్లూ కాంగ్రిగేషనల్ వాళ్ళూ కలిసి దక్షిణ భారత ఐక్య సంఘం అయ్యారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో ఇంకొన్ని చర్చిలతో కలిసి సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడేసరికి ప్రెస్బిటీరియన్ అన్న పేరే ఇక్కడి బోర్డుల మీద అరుదైపోయింది. సభ పెట్టి కొట్లాడే అలవాటు మాత్రం పోలేదు, పాస్టరేట్ కమిటీ ఎన్నికలు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఈమధ్య చెన్నైలో ఆ పేరు వినిపిస్తే అది ఎక్కువగా చదువుకీ ఉద్యోగానికీ వచ్చిన మిజో, ఖాసీ పిల్లల ఆరాధనల వల్లా, కొరియా వాళ్ళ వల్లా.

పేరు పోయినా కరపత్రం గొడవ మిగిలింది. ఇప్పుడు దానికి చట్టం తోడైంది. 2002లో తమిళనాడు బలవంతపు మతమార్పిడుల మీద ఆర్డినెన్సు తెచ్చి, 2004లో వెనక్కి తీసుకుంది. చట్టం పోయినా టెన్షన్ పోలేదు. 2020లో విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణ ఇంకా లోతుగా తాకింది. ఒక సంస్థకి వచ్చిన విదేశీ డబ్బు మరో సంస్థకి పంచడం కుదరదు, ఆ డబ్బు వచ్చే ఖాతా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే ఉండాలి, ఆఫీసు ఖర్చు 20 శాతం దాటకూడదు. పెద్ద సంస్థల నుంచి చిన్న సంఘాలకి అందే సొమ్ము ఆగింది. క్యాంపు ఖర్చంతా ఇప్పుడు కానుకల సంచిలోంచే. దాంతో మిల్లర్‌ని స్కాట్లాండ్ చందాదారులు అడిగిన ప్రశ్నే సంఘంలో కానుక వేసినవాళ్ళు పాస్టరుని అడుగుతున్నారు: ఎన్ని కుటుంబాలు కొత్తగా వచ్చాయి?

తెలుగు కాలనీల్లో ఈ ప్రశ్నకి నిజాయితీగా జవాబు దొరకదు. నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి తరాల కిందట వచ్చి కార్పొరేషన్ పారిశుద్ధ్య పనిలో కుదిరిన కుటుంబాలు ఉత్తర చెన్నైలో చాలా ఉన్నాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఇచ్చిన వెసులుబాటు క్రైస్తవులకి రాలేదు. ఆదివారం పాటలు పాడే మనిషి సోమవారం తాలూకా ఆఫీసులో హిందువు. అలాంటి చోట బాప్తిస్మం లెక్క అడగడం అంటే ఆ ఇంటి పిల్లాడి స్కాలర్‌షిప్పుని పందెం కట్టమనడమే. క్యాంపు రిజిస్టర్లో మతం గడి తీసేసిన పాస్టర్లని పిరికివాళ్ళు అనుకోకూడదు.

ఆ కాలనీల్లో ఇంకో అవసరం ఉంది, దానికి చట్టం అడ్డు లేదు, విదేశీ డబ్బూ అక్కర్లేదు. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు తెలుగు చదవడం రాకుండా పెద్దవుతున్నారు. తెలుగు ఆరాధన జరిగే చోట సండే స్కూలు టీచరమ్మ పలక మీద అ, ఆ దిద్దించి, నెలలు గడిచాక పాటల పుస్తకం చేతికిచ్చి చదివిస్తుంది. క్యాంపుకి తెలుగు తెలిసిన ఇద్దరు నర్సుల్ని పిలవడం, ఆదివారం పూట ఇంకో గంట అక్షరాల తరగతి పెట్టడం, ఈ రెండూ కమిటీ ఎజెండాలో కరపత్రం కంటే ముందు రావాలి.