పిల్లలు లేకపోతే పరీక్షలన్నీ ఆమెకేనా?

సీమలో మనిషి పేరు వింటే చాలాసార్లు ఆ ఇంటి మొక్కు తెలిసిపోతుంది. అనంతపురం వైపు కుళ్లాయప్ప అంటే గూగూడు కుళ్లాయిస్వామి గుర్తొస్తాడు. కర్నూలు వైపు మద్దిలేటి, కడప వైపు దస్తగిరి. హిందువుల ఇళ్లలోనూ దస్తగిరులు, హుస్సేనప్పలు ఉంటారు. పెళ్లై ఏళ్లు గడిచినా కడుపు పండని తల్లులు, గుడి అనక దర్గా అనక తిరిగి మొక్కుకుని పెట్టుకున్న పేర్లు వాటిలో ఎన్నో. పిల్లలు లేని బాధ ఇక్కడ ఎంత పాతదో ఆ పేర్లే చెప్తాయి.

ఆ మొక్కుల్లో కష్టమంతా ఆడమనిషిదే. ఉపవాసం ఆమెది. చెట్టుకు ఊయల కట్టేది ఆమె. తడిబట్టలతో గుడి ముందు బోర్లా పడుకుని వరపడేది ఆమె. తెలుగులో గొడ్రాలు అనే మాట ఉంది. మగవాడిని అలా అనే మాట మాత్రం వాడుకలో వినపడదు. మా అవ్వ చెల్లెలికి పిల్లలు లేరని భర్తకు రెండో పెళ్లి చేశారు. రెండో ఆమెకూ కలగలేదు. ముగ్గురూ ఒకే ఇంట్లో ముసలివాళ్లయ్యారు. ఊరు ఆ ఇద్దరినీ గొడ్రాళ్లనే అంది. లోపం ఆయనలో ఉండొచ్చన్న మాట ఎవరి నోటా రాలేదు.

విత్తనం మగవాడిది, పొలం ఆడదానిది అన్న పాత నమ్మకం దీని వెనక ఉంది. పంట రాకపోతే భూమి చౌడు అనేశారు. ఈ నమ్మకం మన ఒక్కరిదే కాదు. 1677లో డచ్ పరిశోధకుడు లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో వీర్యకణాలను చూసినప్పుడు, బిడ్డ మూలమంతా అందులోనే ఉందని, గర్భం దాన్ని పెంచే చోటు మాత్రమేనని అనుకున్నాడు. పాలిచ్చి పెంచే జీవుల్లో ఆడదానికీ అండం ఉంటుందని కళ్లతో చూసి చెప్పడానికి ఇంకో 150 ఏళ్లు పట్టింది. 1827లో శాస్త్రవేత్త వాన్ బేయర్ కుక్కలో దాన్ని చూసి ఆ పని చేశాడు. అయినా మా అనంతపురం రైతు వేరుశనగ వేసేముందు గోనెపట్టాలో గింజలు తడిపి ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టుకుంటాడు. ఇంటి విషయానికొచ్చేసరికి ఆ పరీక్ష ఎందుకు గుర్తురాలేదో!

ఇప్పుడు వైద్యులు చెప్పేది ఇది. గర్భం రాకుండా ఏ జాగ్రత్తా తీసుకోకుండా ఏడాదిపాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతే పరీక్షలకు వెళ్లాలి. ఆమెకు 35 దాటితే ఆరు నెలలు చాలు. ప్రపంచంలో ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య ఎదురవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కారణం, ఒక్కటిగానో ఆమె సమస్యతో కలిసో, ఉంటుంది.

ఆ ఏడాది లెక్క మా దగ్గర ఒక్కోసారి పనికిరాదు. పాత కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట వైపు కువైట్‌కు పోయినవాళ్లు ఇంటింటా ఉంటారు. భర్త రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలుండి పోతాడు. పెళ్లై ఆరేళ్లంటారు గానీ కలిసి ఉన్నది లెక్కేస్తే ఆరు నెలలు దాటదు. ఆ ఆరేళ్లూ "ఇంగా ఏం లేదా?" అని అడిగించుకున్నది మాత్రం ఇక్కడున్న కోడలే. అలాంటి ఇంట్లో మందులకన్నా ముందు సెలవు లెక్క చూడాలి.

మన సర్కారు దవాఖానాల్లో ఈ సమస్యకు చోటు తక్కువగా ఉండటానికీ ఒక చరిత్ర ఉంది. 1952లోనే మన దేశం కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టింది. ఊరూరా నర్సమ్మ వచ్చింది, క్యాంపులు పెట్టారు, ఆపరేషన్లు చేశారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రలో పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయిపోయింది. మగవాళ్లలో అది ఒక్క శాతం కూడా లేదు. పిల్లలు వద్దన్నా ఆమె శరీరమే, కావాలన్నా ఆమె శరీరమే. పిల్లలు లేనివాళ్లు ఆ లెక్కల్లో ఎక్కడా లేరు. ఇద్దరికన్నా ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి నిబంధనను 2024లో ఎత్తేశారు. ఇప్పుడు ఎక్కువమందిని కనండి అంటున్నారు. కనలేక ఏడుస్తున్నవాళ్ల ఖర్చు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఆయుష్మాన్ భారత్‌లో సంతాన చికిత్సలు లేవు. ఆరోగ్య బీమాలు కూడా సాధారణంగా వీటిని పక్కన పెడతాయి.

టెస్ట్ ట్యూబ్ బేబీ కథలో మన దేశానిది గర్వపడాల్సిన పేజీ, సిగ్గుపడాల్సిన పేజీ కూడా. 1978 జూలై 25న ఇంగ్లండులో లూయీ బ్రౌన్ పుట్టింది. సరిగ్గా 70 రోజులకే, అక్టోబర్ 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషితో దుర్గ పుట్టింది. పిండాన్ని గడ్డకట్టించి దాచి, తర్వాత గర్భంలో పెట్టిన పద్ధతి ఆయనది. ఈరోజు ప్రపంచమంతా చేస్తున్నది అదే. అప్పట్లో ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన్ని నమ్మలేదు. 1981 జూన్ 19న ఆయన ప్రాణం తీసుకున్నాడు. 1986లో బొంబాయిలో పుట్టిన పాపనే మొదటి బేబీ అన్నారు. ఆ పాప పుట్టుకకు పనిచేసిన శాస్త్రవేత్త ఆనంద్ కుమార్, ముఖోపాధ్యాయ్ కాగితాలు చదివి, మొదటివాడు ఆయనేనని 1997లో బహిరంగంగా చెప్పాడు. అలా చెప్పడానికి ఎంత మనసుండాలి!

మగవాళ్లకు అసలు మలుపు 1992లో వచ్చింది. ఒక్క వీర్యకణాన్ని పట్టుకుని సూదితో నేరుగా అండంలోకి పంపే ఇక్సీ పద్ధతి బ్రస్సెల్స్‌లో ఫలించింది. కణాలు బాగా తక్కువున్నవాళ్లకూ దాంతో తండ్రయ్యే దారి దొరికింది.

ఆ దారి కర్నూలుకు చేరేసరికి చాలా ఏళ్లు పట్టింది. అంతకుముందు కర్నూలోళ్లు హైదరాబాదుకు, అనంతపురం వాళ్లు బెంగళూరుకు తిరిగేవాళ్లు. ఇప్పుడు సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు మా ఊళ్లోనే కనపడతాయి. 2019లో గుంటూరులో 74 ఏళ్ల ఆవిడ ఐవీఎఫ్‌తో, అంటే టెస్ట్ ట్యూబ్ పద్ధతితో, కవలలను కన్నప్పుడు దేశమంతా చర్చ జరిగింది. 2022 జనవరి 25 నుంచి అమల్లోకొచ్చిన సంతాన సాఫల్య చికిత్సల చట్టం ఆడవాళ్లకు 21 నుంచి 50, మగవాళ్లకు 21 నుంచి 55 అని వయసు హద్దు పెట్టింది. కేంద్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. డబ్బు కట్టేముందు ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. ఒక విడత ఐవీఎఫ్‌కు సుమారు లక్షన్నర నుంచి రెండున్నర లక్షలవుతుంది. వయసు అనుకూలంగా ఉన్నా అది మొదటిసారే ఫలిస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

ఐవీఎఫ్ దాకా అందరూ పోనక్కర్లేదు. పీసీఓఎస్ అనే హార్మోన్ల తేడా వల్ల అండం విడుదల కాకపోతే చాలామందికి మాత్రలే సరిపోతాయి. థైరాయిడ్ సరిచేస్తే దారి పడేవాళ్లున్నారు. అండం వచ్చే ట్యూబులు మూసుకుపోతే, మన దేశంలో గర్భాశయానికి గుట్టుగా సోకే టీబీ కారణమా అని చూడాలి. వీటన్నిటితోపాటు, వీటన్నిటికన్నా చవగ్గా అయ్యేది ఆయన వీర్య పరీక్ష. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి శాంపిల్ ఇవ్వాలి, అంతే. కోత లేదు, నొప్పి లేదు. తేడా కనిపిస్తే కంగారు పడొద్దు. కొత్త కణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. మధ్యలో గట్టి జ్వరం వచ్చినా లెక్క పడిపోతుంది. అందుకే మళ్లీ చేయించి చూస్తారు. సిగరెట్, గుట్కా మానడం, వేరికోసీల్ (వృషణాల దగ్గర నరాల ఉబ్బు) ఉందేమో చూపించుకోవడం ఆలోపు చేయొచ్చు.

మా చిన్నమ్మ కూతురు, అక్క, ఆరేళ్లు తిరిగింది. చీరల షాపు కవర్లో ఆమె ఫైలు ఉండేది. స్కాన్లు, రెండుసార్లు చేసిన ట్యూబ్ టెస్ట్ ఫిల్ములు, కడుపులోకి కెమెరా పంపి చూసిన ఒక లాప్రోస్కోపీ కాగితం. కవర్ చెవులు తెగితే దారంతో కట్టుకుంది. మొదట చూపించిన రెండు చోట్లా బావను బయటే కూర్చోమన్నారు. మూడో చోట డాక్టరమ్మ ఆ కట్టంతా ఓపిగ్గా తిరగేసి, "మీ ఆయన రిపోర్టు ఏదమ్మా?" అని అడిగింది. అక్క మళ్లీ మొదటినుంచి కాగితాలు తిప్పింది. అందులో లేదని ఆమెకు తెలుసు. బావ కాసేపు నేలకేసి చూసి, కుర్చీలోంచి లేచి, "ల్యాబ్ ఎటుపక్క మేడమ్?" అన్నాడు.