తోటలో నిలిపిన ట్రైలర్ గది: అపోహలు - వాస్తవాలు

అనంతపురం చుట్టుపక్కల చీనీ తోటల్లో పాత ట్రైలర్లను దిమ్మెల మీద నిలబెట్టి, చుట్టాలు పడుకొనే గదులుగా మార్చే పని చేస్తున్నాను. పని మొదలుపెట్టే ముందు యజమానులు చెప్పే మాటల్లో కొన్నింటిని సరిదిద్దకపోతే పెట్టిన ఖర్చంతా వృథా అవుతుంది.

అపోహ: వానలు తక్కువ పడే జిల్లా కనుక కప్పు కారకుండా ప్రత్యేకంగా ఏమీ చేయనక్కరలేదు.

వాస్తవం: ఇక్కడ కప్పు కారడానికి దారి తీసేది ఎండే. ఆరు మీటర్ల ఉక్కు రేకు తెల్లవారుజామున 25 డిగ్రీల వద్ద ఉండి మధ్యాహ్నానికి 65 డిగ్రీలకు చేరితే దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది, రాత్రికి మళ్లీ ముడుచుకుంటుంది. వేసవి పొడవునా ఇలా కదిలే అతుకులో సిమెంటు గానీ, ఆరి గట్టిపడే పుట్టీ గానీ నిలవదు. నెర్రెలు విచ్చిన ఆ అతుకుల మీదే సెప్టెంబరు, అక్టోబరు వానలు పడతాయి. అందుకే పాత పూతను, తుప్పును పూర్తిగా గీకి, సాగే గుణమున్న పాలీయురెథేన్ సీలెంటు నింపాలి. స్క్రూల కింది రబ్బరు వాషర్లు ఎండకు పెళుసెక్కుతాయి కాబట్టి ఏటా వానలకు ముందే వాటిని చూసుకోవాలి. నేను చూసినంతలో నీళ్లు ఎక్కువగా దిగేది ఆ రంధ్రాల గుండానే.

అపోహ: కప్పు మీద చౌడు మట్టి పరిస్తే పాత మిద్దెలా చల్లగా ఉంటుంది.

వాస్తవం: మిద్దె దూలాలు, గోడలు ఆ బరువు కోసమే కట్టినవి. పది సెంటీమీటర్ల మందాన మట్టి పరిస్తే చదరపు మీటరుకు సుమారు 160 కిలోల బరువు పడుతుంది. పల్చని రేకు అంత మోయదు. పైగా ఉప్పు గుణమున్న చౌడు తడిసినప్పుడల్లా ఇనుమును తినేస్తుంది. దానికి బదులు తెల్లని కూల్ పెయింటు వేసి, పైన జానెడు ఎత్తున గాలి ఆడేలా మరో రేకు పందిరి వేయడం మేలు. ఆషాఢపు గాలికి లేచిపోకుండా దాన్ని నేలలో పాతిన గుంజలకే బిగించాలి.

అపోహ: లోపల థర్మోకోల్ అంటిస్తే సరిపోతుంది.

వాస్తవం: పలకల మధ్య ఇనుప కమ్ములను అలాగే వదిలేస్తే వేడి వాటి గుండా నేరుగా లోపలికి వస్తుంది కనుక కమ్ములను కూడా కప్పాలి. కరెంటు తీగలను థర్మోకోల్‌కు ఆనించకూడదు. ఆనితే వాటి పీవీసీ తొడుగు క్రమంగా పెళుసెక్కుతుంది, అందువల్ల తీగలను పైపులో నడపాలి.

అపోహ: లోకప్పు నుంచి చుక్క రాలిందంటే వాన నీరు దిగుతున్నట్టే.

వాస్తవం: వాన లేని పుష్యమాసంలోనూ తెల్లవారుజామున చుక్కలు రాలతాయి. తలుపులు బిగించుకొని నలుగురు పడుకొన్న గదిలో ఊపిరి తేమ, రాత్రి చల్లబడిన రేకుకు తగిలి నీరవుతుంది. ఒక తోటవారు రెండుసార్లు సీలెంటు వేయించాక నన్ను పిలిచారు. రేకుకూ పలకకూ మధ్య ఉన్న ఖాళీని పూడ్చి, ఎదురెదురు గోడల్లో దోమతెర బిగించిన రెండు వెంటిలేటర్లు పెట్టాక చుక్కలు ఆగిపోయాయి.